కార్తీక్ మీదికి మూడు గరిటెలు

అరిజోనాలో మా చాండ్లర్ ఊరి తెలుగువాళ్ళ గ్రూపులో మొన్న ఒక మెసేజ్ వచ్చింది. మా వీధిలో ఉండే ఒకాయన పోయారట. ఏ బాధా లేకుండా నిద్రలోనే వెళ్ళిపోయారట. దాని కింద ఎవరో పుణ్యాత్ములు రాశారు: "మితభాషి, సౌమ్యుడు, తన పనేదో తాను చూసుకునే మనిషి." ఆ కింద వరసగా ముప్ఫైమంది దణ్ణాల బొమ్మలు పెట్టారు.

పొయ్యి మీద పోపు మాడుతోంది. నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

మితభాషిట! మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పరుగు మొదలెట్టేటప్పుడు ముందు ఏ కాలు వేస్తాడన్న విషయం మీద గంటా పది నిమిషాలు మాట్లాడిన మనిషి మితభాషి అయితే, ఇక వాగుడుకాయలెవరో నాకు తెలియదు. తన పని తాను చూసుకునేవారన్నది ఇంకా అన్యాయం. ఆయన చూసుకోనిది ఏదైనా ఉందంటే అది తన పనే. సౌమ్యుడంటే మాత్రం ఒప్పుకుంటాను. కాఫీలో పంచదార మరిచిపోయి ఇచ్చినా "చాలా బాగుంది చెల్లెమ్మా" అని తాగేసి వెళ్ళేవారు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, కాదనను. కానీ ఆ మంచి వాళ్ళదై ఉండాలిగా? ఎవరికో కుట్టిన చొక్కా తెచ్చి ఈయనకి తొడుగుతామంటే నేను ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఆ పేరుతో ఆయన్ని పిలిచిన వాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. నాకు అన్నయ్యగారు, పిల్లలందరికీ చార్ట్ అంకుల్.

చార్ట్ అంకుల్ అని ఎందుకన్నారంటే, ఎక్కడికొచ్చినా చంకలో చుట్టిన చార్ట్ ఒకటి ఉండేది. మనం పెళ్ళికి వెళ్తే కవరు తీసుకెళ్తాం. ఆయన చార్ట్ తెచ్చేవారు. సత్యనారాయణ వ్రతానికొచ్చి, ప్రసాదం తిన్న చేయి కడుక్కుని, మా సోఫా మీద ఆ చార్ట్ విప్పి నాలుగు మూలలా నాలుగు కొబ్బరి చిప్పలు పెట్టి, "ఇప్పుడు కార్తీక్ ఇక్కడున్నాడనుకోండి" అని మొదలెట్టేవారు. పంతులుగారు కూడా ఒకసారి అరగంట విన్నారు పాపం, దక్షిణ ఇంకా ఇవ్వలేదు కదా అని.

ఇదంతా అరిజోనాలో ఇళ్ళ ధరలు ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా అపార్ట్‌మెంట్లలో ఉన్న మేమంతా ఒకే వీధిలో ఇళ్ళు కొనుక్కున్న రోజుల మాట. మా మగవాళ్ళలో సగం మంది చిప్‌లు చేసే ఫ్యాక్టరీలో, మిగతా సగం కంప్యూటర్ల ముందు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక వచ్చే శనివారం పార్కులో ఒక ఆట ఉండేది. ఒకవైపు అంకుల్స్, ఇంకోవైపు హైస్కూల్ పిల్లలు, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. టీవీలో చూపించే అమెరికా ఫుట్‌బాలే, కానీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎముకలు విరగ్గొట్టుకోరు. నడుముకి రెండు గుడ్డ పీలికలు కట్టుకుంటారు. బంతి ఉన్నవాడి పీలిక లాగేస్తే వాడు అక్కడ ఆగిపోవాలి. ఎవరూ లాగకపోతే అవతలి గీత దాటేస్తాడు, దాన్ని టచ్‌డౌన్ అంటారు. ఇంతే ఆట. ఈ ముక్క నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది, చెప్పింది ఆయనే.

టైట్ ఎండ్ అనేవాణ్ణి గురించి కూడా ఆయనే చెప్పారు. ఈ ఆటలో కొందరు గోడలా నిలబడి అవతలివాళ్ళని అడ్డుకుంటారు, ఇంకొందరు పరిగెత్తి బంతి పట్టుకుంటారు. టైట్ ఎండ్ రెండూ చేస్తాడు. "పెళ్ళిలో వంటవాడే వడ్డనకి కూడా వచ్చాడనుకో చెల్లెమ్మా. వాణ్ణి వంటింట్లో వెతికితే పందిట్లో ఉంటాడు, పందిట్లో వెతికితే వంటింట్లో ఉంటాడు" అన్నారు. ఇంతకన్నా బాగా టీవీలో కోట్లు తీసుకునే వాళ్ళు కూడా చెప్పలేదు.

పిల్లల జట్టులో టైట్ ఎండ్ కార్తీక్. రెండు వీధుల అవతల ఇల్లు. ఇక్కడే పుట్టిన పిల్లాడు, గుమ్మంలోకి తల వంచుకుని రావాలి. స్కూల్ జట్టులోనూ వాడే టైట్ ఎండ్. తల్లి ఆస్పత్రిలో నర్సు, వారాంతాలు కూడా డ్యూటీలే. తండ్రి సోమవారం విమానం ఎక్కి శుక్రవారం రాత్రి దిగే కన్సల్టెంట్. పిల్లాడు మాత్రం బంగారం. ఆ మర్యాదే మావాళ్ళని చంపేది. మా ఆయన్ని భుజంతో పక్కకి నెట్టేసి, "సారీ అంకుల్" అనేవాడు. బంతి పట్టుకుని ఇంకో ఇద్దరి మధ్యనుంచి దూసుకుపోతూ, "సారీ అంకుల్, సారీ అంకుల్" అని ఇద్దరికీ వేరువేరుగా చెప్పేవాడు. గీత దాటాక వెనక్కొచ్చి పడ్డవాళ్ళని చెయ్యిచ్చి లేపేవాడు. మా ఆయన అనేవారు, "వాడు ఓడించినా ఫర్వాలేదే, ఆ లేపడమే తట్టుకోలేకపోతున్నా" అని.

ఆ కార్తీక్‌ని ఆపడం మా అన్నయ్యగారి జీవితాశయం. ఆయన ఆడేవారు కాదు. అంకుల్స్ జట్టుకి డిఫెన్స్ కోఆర్డినేటర్, అంటే అవతలివాళ్ళని ఎలా ఆపాలో పథకం వేసే మనిషి. ఆ ఉద్యోగం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. మొదటి ఏడాది చార్ట్ పట్టుకుని గీత పక్కన నిలబడ్డారు, రెండో ఏడాదికి అందరూ అలవాటుపడ్డారు.

ఎందుకింత పిచ్చి అని ఒకసారి అడిగాను. అప్పుడు చార్ట్ లేదు చేతిలో, చిక్కుడుకాయలు వలవడంలో నాకు సాయం చేస్తున్నారు.

"నేను చిన్నప్పటినుంచీ ఆటలో అరటిపండునమ్మా" అన్నారు. "జట్లు పంచుకునేటప్పుడు చివరికి నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి. ఒక కెప్టెన్ వీణ్ణి నువ్వు తీసుకో అనేవాడు, ఇంకోడు నాకొద్దు నువ్వే తీసుకో అనేవాడు. కాలేజీలో స్కోరు రాయమన్నారు. అది కూడా వరసగా రెండు తప్పులొచ్చాయని తీసేశారు. ఈ దేశం వచ్చాక ఒకరోజు టీవీలో చూశాను. ఎవరో పెద్దమనిషి, నాకున్నంత పొట్ట. పరిగెత్తడు. చేతిలో కాగితం, చెవి దగ్గర మైకు. ఆయన ఏదో గొణుగుతాడు, మైదానంలో పదకొండుమంది కదులుతారు. ఓరి నాయనో, పరిగెత్తలేనివాడికి కూడా ఆటలో చోటుందే అనుకున్నాను."

ఆయన వలిచిన చిక్కుడుకాయలకి నార అలాగే ఉంది, మళ్ళీ తీసుకున్నాను.

ఆయన పాఠాలన్నీ మా పోపులపెట్టెతోనే. అందులో గిన్నెలు ఏడు, జట్టులో మనుషులు ఏడుగురు. ఆ సంగతి కనిపెట్టిన రోజు ఆయన సంతోషం చూడాలి. మూత తీసి, గరిటె కాడతో ఒక్కో గిన్నె మీద కొట్టి చెప్పేవారు. ఆవాలు ముందు నిలబడే మనిషి, చిటపటలాడతాడు కానీ నిలవడు. ఎండుమిర్చి చిటికెలో కోపం తెచ్చుకునే మా పక్కింటి శ్రీనివాస్.

"మా బావగారు మెంతులు" అన్నారు మా ఆయన గురించి.

"అదేమిటి, ఆయన చేసిన తప్పేమిటి?"

"తప్పు కాదమ్మా. ఉండాలి. ఎక్కువైతే చేదు. అందుకే అరగంటకి ఒకసారి బయటికి తీస్తాను."

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మా ఆయన గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. కార్తీక్ ఎవరంటే, పక్కనే ఉన్న అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కరు.

ఇంకో మాట ఉండేది ఆయనకి, ఊతపదంలా. "కళ్ళు అబద్ధం చెప్తాయి, చేతులు అబద్ధం చెప్తాయి, నడుము చెప్పదు." ఎవడు ఎటు పరిగెత్తబోతున్నాడో వాడి నడుము చూస్తే తెలుస్తుందిట. మైదానంలో ఇది నిజమే కావచ్చు. కానీ పాట్‌లక్‌లలో, అదే తలో వంటా తెచ్చుకుని తినే విందుల్లో కూడా ఆయన మూల నిలబడి అందరి నడుములూ చూస్తూ, "ఇప్పుడు ఆవిడ పెరుగువడ దగ్గరికి వెళ్తుంది చూడు" అంటుంటే నాకు ప్రాణం చచ్చిపోయేది. మా వీధి పద్మగారు ఒకసారి ఆయన తననే చూస్తున్నారని గమనించి నన్ను పక్కకి పిలిచి, "ఆయనకేమైనా..." అని ఆగిపోయారు. ఆవిడకి ఫుట్‌బాల్ సిద్ధాంతమంతా చెప్పాల్సొచ్చింది. నిజానికి ఆవిడ పెరుగువడ దగ్గరికే వెళ్ళారు.

ఇంత సిద్ధాంతం ఉన్నా, వేసిన పథకాల్లో ఒక్కటీ పారలేదు. మొదటి ఏడాది కార్తీక్ మీదికి ఒక్కణ్ణి వదిలారు, ఆ ఒక్కడూ మూడు వారాలు కుంటుకుంటూ తిరిగాడు. రెండో ఏడాది ఇద్దర్ని వదిలారు. కార్తీక్ మధ్యలోంచి వెళ్ళిపోయాడు, ఆ ఇద్దరూ ఒకరి పీలిక ఒకరు లాక్కున్నారు. మూడో ఏడాది మానసిక యుద్ధం. బంతి గాల్లో ఉండగా పద్మగారు గీత బయటనుంచి అచ్చం వాళ్ళమ్మ గొంతుతో "కార్తీక్! హోంవర్క్ అయిందా?" అని అరవాలి. అరిచారు. కార్తీక్ తల తిప్పి చూశాడు. "అయింది ఆంటీ!" అన్నాడు. అంటూనే ఒక చేత్తో బంతి పట్టుకుని గీత దాటాడు.

నాలుగో ఏడాది ఆయన వీడియో కెమెరా కొన్నారు. శుక్రవారం వచ్చిందంటే కార్తీక్ హైస్కూల్ ఆటకి టికెట్టు కొనుక్కుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, మెట్ల మీద ఒక్కరే కూర్చుని వాడి ఆటంతా వీడియో తీసేవారు. ఊళ్ళోనే కాదు, గంట దూరం డ్రైవ్ చేసి వెళ్ళిన రోజులున్నాయి. వచ్చాక గొంతు బొంగురుపోయి ఉండేది.

"ఏమిటన్నయ్యగారూ, శత్రువు కోసం అరిచారా?"

"ఏం చేయను చెల్లెమ్మా, బాగా ఆడాడు" అనేవారు, తప్పు చేసినవాడిలా.

ఆ ఏడాది అక్టోబరులో పిల్లలు ఒక మాట చెప్పారు. చెప్పింది కార్తీకే, మా వాకిట్లో, ఎంతో మర్యాదగా. "అంకుల్, వి లవ్ యూ గైస్. బట్... మీకు దెబ్బలు తగిలి మాకు బ్యాడ్‌గా ఉంటుంది. నెక్స్ట్ ఇయర్ నుంచి మేము మేము ఆడుకుంటాం. మీరు వచ్చి చూడండి. వాటర్ అదీ మేమే తెస్తాం."

మావాళ్ళు ముందు రోషం నటించారు. లోపల ఎంత హాయి! మా ఆయన మోకాలి నొప్పి ఆ సాయంత్రానికే సగం తగ్గిపోయింది. ఒక్క అన్నయ్యగారు మాత్రం చార్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డారు. ఆయన మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. బహుశా ఆ మెసేజ్ రాసినాయన కూడా ఆ నిమిషంలోనే చూసి ఉంటాడు.

చివరికి అన్నారు. "బాబూ, ఈ ఏడాది ఆట ఉందిగా. అందులో నువ్వు రెండు టచ్‌డౌన్లకి మించి చేస్తే మేము తప్పుకుంటాం. రెండు దాటకుండా ఆపితే మాత్రం ఆట ఎప్పటిలాగే ఉండాలి. సరేనా?"

కార్తీక్ ఆయన మొహం చూశాడు. "షూర్ అంకుల్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి మా ఇంటికి వచ్చారు. చార్ట్ విప్పితే మైదానం లేదు. మా గరాజ్ ఉంది. మడత బల్లలు, కుర్చీలు, మధ్యలో ఎర్ర చుక్క.

"చెల్లెమ్మా, నలభై గంటల వీడియో చూశాను. వాడి ఆటలో తప్పు లేదు. తప్పు ఆటలో వెతకడమే నా తప్పు. ఆటకి ముందు వాడు ఏం తింటాడో తెలుసా? ఒక యాపిల్ ముక్క, రెండు బిస్కెట్లు. వాడికి ఒక్క బలహీనత ఉంది. ఆంటీలకి నో చెప్పలేడు."

నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో గరిటె కింద పెట్టాను.

"అన్నయ్యగారూ, తిండి పెట్టి ఓడిస్తామంటారా? పాపం కదూ?"

"అన్నం పెట్టడం పాపమని ఏ శాస్త్రంలో ఉంది?" అన్నారు. తర్వాత తల దించుకుని, "నాకు వేరే ఏమీ తోచలేదమ్మా. ఈ ఆట పోతే ఆ శనివారం నేనెక్కడికి వెళ్ళాలి?" అన్నారు.

సరే అన్నాను. ఆ మాటకి ఎవరైనా సరే అంటారు.

ఇక పథకం వినండి. ఆట ఉన్న శనివారం పన్నెండు గంటలకి మా ఇంట్లో భోజనం, రెండింటికి ఆట. పిల్లల్లో కార్తీక్ ఒక్కడికే పిలుపు. వడ్డనకి ముగ్గురం. ఎడమవైపు జోన్, అంటే నేను కాపలా కాయాల్సిన చోటు, నాది: ముద్దపప్పు, నెయ్యి. కుడివైపు పక్కింటి సుజాతది: గుత్తివంకాయ, గారెలు. పద్మగారు వెనక ఉండాలి, సేఫ్టీలాగా, అంటే అందర్నీ దాటొచ్చినవాణ్ణి ఆఖర్న ఆపేవాడిలాగా. మా ఇద్దర్నీ తప్పించుకుని వాడు కుర్చీలోంచి లేవబోతే, అప్పుడు ఆవిడ బొబ్బట్లతో దిగాలి.

"ఒకరి జోన్‌లోకి ఒకరు వెళ్ళకండి" అని మూడుసార్లు చెప్పారు. "వాడు చెయ్యి అడ్డం పెడతాడు. చేతిని చూడకండి, విస్తరి చూడండి. ఖాళీ కనిపిస్తే వేసెయ్యండి." గుత్తివంకాయ గిన్నెలో ఎన్ని ఉండాలో, నెయ్యి ఏ చేత్తో వంచాలో కూడా చార్ట్‌లో బాణాలు గీసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా వడ్డిస్తున్నదాన్ని, నాకు నెయ్యి వెయ్యడం నేర్పుతున్నారు! అయినా రిహార్సల్ చేశాం. కార్తీక్ స్థానంలో ఆయనే కూర్చున్నారు, మేం వడ్డించాం, రెండు రోజులు ఆయన భోజనం ముట్టలేదు.

శనివారం వచ్చింది. కార్తీక్ వచ్చి చెప్పులు విప్పి, తల వంచి గరాజ్‌లోకి వచ్చి కూర్చున్నాడు. అతిథి ఒక్కడే తింటే బావుండదుగా? అందుకని మా జట్టు ఏడుగురూ వాడికి అటు ముగ్గురు, ఇటు నలుగురు భోజనాల బంతిలో కూర్చున్నారు. వాళ్ళకి అన్నయ్యగారు ముందే చెప్పారు: మీరు ఊరికే నటించండి, రెండు ముద్దలు కెలకండి, చాలు. అందరూ తలూపారు.

నేను పప్పు గిన్నె, నేతి గిన్నె పట్టుకుని మొదటి విస్తరి దగ్గరినుంచి మొదలెట్టాను. మొదటి విస్తరి మా ఆయనది.

ఇక్కడే కొంప మునిగింది. అది అన్నయ్యగారి నలభై గంటల వీడియోలోనూ లేదు, చార్ట్‌లోనూ లేదు. బంతిలో ఒకరికి వేసి, పక్కవాణ్ణి వదిలేసి, ఆ అవతలివాడికి వెయ్యడం మా చేతులకి రాదు. మా అమ్మ నేర్పలేదు, వాళ్ళమ్మా నేర్పలేదు. వలపక్షం వడ్డన చేస్తే కళ్ళు పోతాయని విని పెరిగినవాళ్ళం. కార్తీక్‌కి గరిటెడు పప్పు పడాలంటే అంతకుముందు ముగ్గురికి పడాలి, ఆ తర్వాత నలుగురికి పడాలి. నేను పప్పు వేసుకుంటూ పోయాను. సుజాత అవతలి చివరినుంచి గారెలు వేసుకుంటూ వచ్చింది. మళ్ళీ కార్తీక్‌కి పప్పు, మళ్ళీ ఏడుగురికీ పప్పు.

అన్నయ్యగారు గరాజ్ తలుపు దగ్గర నిలబడి, గాల్లో చేతులు ఊపుతూ సైగలు చేస్తున్నారు. వాళ్ళకొద్దు, వాళ్ళకొద్దు అని. నాకు కనిపిస్తోంది. గరిటె వినలేదు.

మావాళ్ళేమన్నా తక్కువవాళ్ళా? వేసింది పారేస్తే పాపమని వాళ్ళూ నేర్చుకుని పెరిగినవాళ్ళే. పైగా ముద్దపప్పు, ఆవకాయ, వేడి నెయ్యి. నటించమంటే ఎలా నటిస్తారు? శ్రీనివాస్ రెండో ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన "ఇంకో గారె" అని తనంతట తనే అడిగారు. కార్తీక్ "ఇనఫ్ ఆంటీ" అని చెయ్యి అడ్డం పెట్టినప్పుడల్లా ఆ చేతి కిందనుంచి వేశాం. "ప్లీజ్ ఆంటీ" అన్నాడు, వేశాం. లేవబోయాడు, పద్మగారు బొబ్బట్లతో దిగారు. చార్ట్‌లో ఉన్నది ఉన్నట్టు జరిగింది. కాకపోతే ఒకడికి జరగాల్సింది ఎనిమిదిమందికి జరిగింది.

ఒంటిగంటన్నరకి కార్తీక్ చెయ్యి కడుక్కుని, "థాంక్స్ ఆంటీ, పప్పు చాలా గుడ్ ఉంది" అని, గరాజ్ ముందు రెండు గంతులు వేసి, పార్కుకి పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. పదిహేడేళ్ళు. రాళ్ళు తిన్నా అరిగే వయసు. మావాళ్ళు ఏడుగురూ పార్కు దాకా రెండు కార్లలో వెళ్ళారు. పార్కు ఎంత దూరం? మా వీధి చివర.

ఆట గురించి ఏం చెప్పను? నవంబరు ఎండ హాయిగా ఉంది. కొత్త గడ్డి పచ్చగా, మెత్తగా ఉంది. ఆ గడ్డి చూసి మా ఆయన అన్న మాట నేను విన్నాను: "ఇక్కడ పడుకుంటే ఎంత బావుంటుందే." మొదటి బంతికే కార్తీక్ గీత దాటాడు. అడ్డుకోవాల్సిన శ్రీనివాస్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని త్రేనుస్తున్నాడు. రెండో టచ్‌డౌన్‌కి మావాళ్ళలో ఇద్దరు వాడి వెనక నడిచారు. అవును, నడిచారు. మూడోదానికి మా ఆయన పీలిక పట్టుకున్నారు, కానీ తనదే పట్టుకున్నారు. మూడు అయ్యాక ఇక లెక్క అవసరం లేదు, అయినా పిల్లలు నిజాయితీగా ఏడు చేసి ఆపారు. "సారీ అంకుల్"లు లెక్కపెట్టడం నావల్ల కాలేదు.

అన్నయ్యగారు గీత పక్కన చివరిదాకా నిలబడ్డారు. మూడో టచ్‌డౌన్ దగ్గర చార్ట్ చుట్టేశారు. అయినా మిగతా ఆటంతా, "జరుగు, జరుగు, కుడి, కుడి" అని అరుస్తూనే ఉన్నారు. కదిలేవాళ్ళు లేకపోయినా అరిచారు. అంతా నా గరిటెవల్లే అనిపించింది, అది నిజం కూడా.

ఆట అయిపోయింది. మావాళ్ళు గడ్డి మీద వరసగా పడుకున్నారు. అన్నయ్యగారు నేరుగా కార్తీక్ దగ్గరికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను, ఆయనకి ఏమైనా అవుతుందేమోనని.

"బాబూ, మాట మాటే. వచ్చే ఏడాదినుంచి మేము రాం" అన్నారు. చార్ట్ ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని, "ఇంకో సంగతి. ఆ భోజనం నా పథకం. నిన్ను కదలకుండా చేద్దామని. అది తప్పు. ఆంటీల తప్పేం లేదు" అన్నారు.

"ఐ నో అంకుల్" అన్నాడు కార్తీక్.

"తెలుసా?"

"ముగ్గురు ఆంటీలు జోన్ కవరేజ్ ఆడారు. పద్మ ఆంటీ వాజ్ సేఫ్టీ." వాడు నవ్వాడు. "ఇట్ వాజ్ ఏ రియల్లీ గుడ్ ప్లాన్, అంకుల్. అంకుల్స్ తినకపోతే వర్క్ అయ్యేది."

"మరి తెలిసీ ఎందుకు తిన్నావురా?"

"గుడ్ ఉంది కదా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

తర్వాత వాడు కాలితో గడ్డి తన్నుతూ నిలబడ్డాడు. మిగతా పిల్లలు కూడా దగ్గరికొచ్చారు. ఏదో ముందే మాట్లాడుకున్నట్టున్నారు. "అంకుల్, టూ వీక్స్‌లో మాకు పక్క టౌన్ గిల్బర్ట్ పిల్లలతో మ్యాచ్ ఉంది. వాళ్ళ టైట్ ఎండ్ నాకంటే బిగ్. మాకు ప్లాన్ లేదు. మీరు నా గేమ్స్ అన్నీ చూశారు. మా డాడ్ కూడా చూడలేదు. మీకు టైట్ ఎండ్ గురించి తెలిసినంత ఎవరికీ తెలీదు. మా డిఫెన్స్ మీరు చేస్తారా?"

ఆయన "ఒక్క నిమిషం" అని, పార్కింగ్ వైపు గబగబా నడిచి, మా వ్యాన్ వెనక్కి వెళ్ళిపోయారు. పిల్లలు నావైపు చూశారు. నేను వెళ్ళాను.

వ్యాన్ బంపర్ మీద కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుస్తున్నారు, తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నారు.

"చెల్లెమ్మా, నిజం చెప్పు. ఓడిపోయానని జాలిపడి పిలిచారా?"

నాకు ఏడుపూ, నవ్వూ ఒకేసారి వచ్చాయి. వ్యాన్ పక్కనుంచి మైదానం కనిపిస్తోంది. గడ్డి మీద మా ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని.

"అటు చూడండి అన్నయ్యగారూ" అన్నాను. "మూడు టచ్‌డౌన్లతో పందెం తేలిపోయింది. ఆ తర్వాత ఇంకో నాలుగు చేశారు, కదల్లేని మనుషుల మీద. ఈ పిల్లలకి జాలి అనేది ఉందంటారా?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మైదానం చివరినుంచి చివరిదాకా శ్రద్ధగా చూశారు. పడి ఉన్న ఏడుగుర్నీ ఒక్కొక్కర్నీ చూశారు.

"లేదు" అన్నారు. "అస్సలు లేదు."

ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.